డబ్బా మీది వాట్లను కూడా తూకం వేయించండి

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రిగారికి,



తూనికలు కొలతల చట్టం, భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మూడూ మీ శాఖ కిందే ఉన్నాయి కాబట్టి ఈ లేఖ మీకే రాస్తున్నాను. కూరగాయల కొట్టులో కిలో రాయికి ముద్ర ఉందో లేదో మీ చట్టం అడుగుతుంది. పెట్రోలు బంకులో అనుమానం వస్తే అయిదు లీటర్ల పాత్రతో కొలిచి చూపించమనే హక్కు కొనేవాడికి ఉంది. అదే బజారులో ఎలక్ట్రానిక్స్ దుకాణం ముందు పేర్చిన హోం థియేటర్ డబ్బాల మీద ‘6000 వాట్స్ పీఎంపీఓ’ అని అరచెయ్యంత అక్షరాలు అచ్చయి ఉంటాయి. ఆ అంకెను ఎవరూ తూచరు.

నేను తూస్తుంటాను. చవక స్పీకర్లు, ఆంప్లిఫైయర్లు, సెట్‌టాప్ బాక్సులు, ప్రొజెక్టర్లు విప్పి చూడడం, కొలవడం, చేతనైతే కాస్త మెరుగుపరచడం నాకు చాలా ఏళ్లుగా ఉన్న అలవాటు. మా ఊరు హైదరాబాదుకు బస్సులో మూడు గంటల దూరం. వీధిలోవాళ్లు తెచ్చిచ్చేవే నా దగ్గరికి వచ్చే సరుకు. వాటి లోపల కనిపించినదాన్ని బట్టే ఇదంతా రాస్తున్నాను.

ముందు 6000 వాట్లను ఇంటి కరెంటు లెక్కలో చూద్దాం. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. 6000ను 230తో భాగిస్తే 26 ఆంపియర్లు వస్తాయి. టీవీ పక్కనుండే చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది, గీజరు పెట్టే పెద్ద సాకెట్టు 16 ఆంపియర్లది. ఆ హోం థియేటరు నిజంగా అన్ని వాట్లు లాగితే గీజరు సాకెట్టు కూడా చాలదు. కానీ ఆ పెట్టెకు వచ్చే వైరు సెల్‌ఫోను ఛార్జరు వైరంత సన్నగా ఉంటుంది, కొసకు రెండు పిన్నుల ప్లగ్గు. కొనేవాళ్లకు ఈ భాగహారం చెప్పేవాళ్లు దుకాణంలో ఉండరు.

పోయిన పండగకు మా వీధిలో ఆటో నడిపే అతను అలాంటి సెట్టు కొన్నాడు. ఒక వూఫరు, నాలుగు చిన్న స్పీకర్లు. వారం తిరక్కుండానే నా దగ్గరికి తెచ్చాడు. “అన్నా, ఆరు వేల వాట్లన్నరు గదా, మా తమ్మునిది నాలుగు వేలదే, గదే గట్టిగ వినవడ్తది” అన్నాడు. వెనక మరలు తీశాను. ట్రాన్స్‌ఫార్మరు మీద ‘12-0-12, 2 ఆంపియర్లు’ అని చిన్న చీటీ. 24 వోల్టులను 2 ఆంపియర్లతో గుణిస్తే 48. అంటే ఆ పెట్టెలోకి వెళ్లేదే 48 వాట్ల లోపు. అందులో కొంత ఐసీల దగ్గర వేడిగా పోతుంది. మిగిలిందే పాట. డబ్బా మీది అంకెకూ ట్రాన్స్‌ఫార్మరు మీది చీటీకీ మధ్య తేడా నూట పాతిక రెట్లు. డబ్బా అచ్చు వేయించినవాళ్లకూ ఆ చీటీ అంటించినవాళ్లకూ ఈ తేడా తెలియకుండా ఉండదు.

అలా వదిలేయకుండా బల్ల మీద పెట్టి కొలిచాను. ఎవరైనా చేయగలిగిన పద్ధతే కాబట్టి వివరంగా చెబుతాను. స్పీకరు తీసేసి దాని స్థానంలో 8 ఓమ్‌ల, 10 వాట్ల సిమెంటు రెసిస్టర్లు రెండు పక్కపక్కన కలిపాను. రెండూ కలిస్తే 4 ఓమ్‌లు, 20 వాట్ల దాకా తట్టుకుంటాయి. ఫోనులో 100 హెర్ట్‌జ్‌ల స్వరం పెట్టాను. చవక మల్టీమీటర్లు మన 50 హెర్ట్‌జ్‌ల కరెంటు కొలవడానికి చేసినవి. వెయ్యి హెర్ట్‌జ్‌ల దగ్గర వాటి మాట నమ్మలేం, వంద దగ్గర నమ్మవచ్చు. రెసిస్టరు రెండు కొసల దగ్గర మీటరు ముళ్లు ఆనించి వాల్యూము మెల్లగా పెంచుతూ పోవాలి. వోల్టేజీ తిన్నగా పెరుగుతూ పోయి ఒకచోట మొండికేస్తుంది. ఆపైన స్వరం గరగరలాడుతుంది, అలల తలలు నరికేసినట్టవుతాయి. ఆ మొండికేసిన చోటి వోల్టేజీని దానితోనే గుణించి ఓమ్‌లతో భాగిస్తే వాట్లు. ఆ సెట్టులో అది 6 వోల్టుల దగ్గర ఆగింది. 36ను 4తో భాగిస్తే 9 వాట్లు. అయిదు ఛానళ్లూ ఒకేసారి వాయిస్తే ట్రాన్స్‌ఫార్మరు కుంగిపోయి ఒక్కోదానికి అంతకన్నా తక్కువే దక్కుతుంది. (రెసిస్టర్లు చెయ్యి కాలేంత వేడెక్కుతాయి. వాటిని పింగాణీ పలక మీద పెట్టి, ఒక్కో కొలతా కొద్ది సెకన్లలో ముగించాలి.)

9 వాట్లు తక్కువేమీ కాదు మంత్రిగారూ. మామూలు గదిలో మంచి స్పీకరుకు 9 శుభ్రమైన వాట్లు ఇస్తే పక్కింటికి వినిపిస్తుంది. ఆటో అతనికి జరిగిన అన్యాయం వస్తువులో కంటే దాని మీది రాతలో ఎక్కువ ఉంది. ఆ సెట్టు గట్టిగా వినిపించకపోవడానికి కారణం కూడా వాట్లు కావు. పెన్‌టార్చి సెల్లు ఒకటి తీసుకుని ఒక్కో స్పీకరుకు ప్లస్సు నుంచి ప్లస్సుకు ఆనించి చూశాను. అన్నిటి కాగితం ముందుకు ఉబకాలి. ఒకదాని కాగితం వెనక్కి పోయింది. ఫ్యాక్టరీలో వైర్లు తిరగేసి అతికారు. ఒకటి గాలిని ముందుకు నెడుతుంటే ఇంకొకటి వెనక్కి లాగుతోంది, బేస్ అంతా గాల్లోనే కొట్టుకుపోతోంది. రెండు వైర్లు మార్చాను. వూఫరు పెట్టె మూలల్లో గాలి కారుతున్న సందులు ఎం-సీల్‌తో మూశాను. డయోడ్లు ఒక్క ఆంపియరువి ఉంటే మూడు ఆంపియర్లవి వేసి, పక్కనున్న కండెన్సరు పెద్దది పెట్టాను. డయోడ్లు మార్చకుండా కండెన్సరు ఒక్కటే పెంచితే స్విచ్చి వేసిన మొదటి క్షణంలో లాగే కరెంటుకు అవి కాలిపోవచ్చు. మొత్తం ఖర్చు వంద రూపాయలు దాటలేదు. సెట్టు మారిపోయింది.

పీఎంపీఓ అనే మాటకు ఒప్పుకున్న నిర్వచనం లేదు. ఏ అంతర్జాతీయ ప్రమాణమూ దాన్ని కట్టిపడేయలేదు. లోపలి కండెన్సర్లలో నిలవున్నదంతా సెకనులో ఏ వందో వంతులోనో స్పీకరు గుండా దూసుకుపోతే ఎంతవుతుందో ఊహించుకుని, దాన్ని ఛానళ్ల సంఖ్యతో హెచ్చవేసి, ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకుంటారు. ఆర్‌ఎంఎస్ వాట్లు అనేవి అలా కావు. ఎన్ని ఓమ్‌ల దగ్గర, ఎంత వక్రీకరణతో, ఎంతసేపు అని చెబితే ఎవరి బల్ల మీదైనా ఒకటే జవాబు వస్తుంది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే ఇంటి ఆంప్లిఫైయర్ల వాట్లను ఎలా కొలిచి ప్రకటించాలో నిబంధన పెట్టింది. 2024లో దాన్ని ఇంకా బిగించింది: 8 ఓమ్‌ల దగ్గర, 20 నుంచి 20,000 హెర్ట్‌జ్‌ల వరకూ, వక్రీకరణ ఒక శాతం లోపు ఉన్నప్పటి అంకెనే చెప్పాలి. మనకు ఇంత కఠినంగా అక్కర్లేదు, మన చవక సెట్లు 20 హెర్ట్‌జ్‌ల దాకా దిగవు. కానీ ఏదో ఒక నిర్వచనం మాత్రం కావాలి.

మీ దగ్గర చట్టం లేక కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ‘ప్రకటన’ అనే మాట కిందికి లేబులూ, పైన చుట్టే కాగితమూ కూడా వస్తాయి. వస్తువును తప్పుగా వర్ణించడం తప్పుదోవ పట్టించే ప్రకటన అని అదే చట్టం చెబుతోంది. మొదటిసారికి పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేసే అధికారం ప్రాధికార సంస్థకు ఉంది. 48 వాట్ల ట్రాన్స్‌ఫార్మరున్న డబ్బా మీద 6000 అని రాయడం తప్పు వర్ణన కాకపోతే ఇంకేది అవుతుంది? బ్లూటూత్ స్పీకర్లతో సహా ఈ సరుకులో చాలా వాటికి బీఐఎస్ రిజిస్ట్రేషను తప్పనిసరి చేశారు, మంచి పని. కానీ ఆ పరీక్ష చూసేది భద్రత మాత్రమే: షాకు కొడుతుందా, నిప్పంటుకుంటుందా అని. వస్తువు మీద ఆ రిజిస్ట్రేషను నంబరు చూసినవాళ్లు ప్రభుత్వం వాట్లను కూడా సరిచూసిందనే అనుకుంటారు. నా దగ్గరికొచ్చేవాళ్లు నన్ను అడిగేది కూడా అదే: “ఐఎస్ఐ లెక్కనే ఉన్నది గదా?”

ఈ అబద్ధం వల్ల మొదట నష్టపోయేది నిజం రాసేవాడు. ఢిల్లీ లజపత్ రాయ్ మార్కెట్టు చుట్టూ, మన కోఠి గుజరాతీ గల్లీ చుట్టూ, ఇంకా చిన్న చిన్న ఊళ్లలోనూ ఆంప్లిఫైయర్లు కూర్చి అమ్ముకునే చిన్న కార్ఖానాలవాళ్లు ఉన్నారు. వాళ్లలో పని తెలిసినవాళ్లు ఉన్నారు, నిజాయితీపరులు ఉన్నారు. 40 వాట్లున్న సెట్టు మీద 40 అని రాస్తే పక్కన 6000 డబ్బా ముందు అది అల్పంగా కనిపిస్తుంది, ఎవరూ కొనరు. కాబట్టి వాళ్లూ 5000 వేస్తారు. పోటీలో ఆ అంకె ఏటేటా పెరుగుతుంది, లోపలి ట్రాన్స్‌ఫార్మరు మాత్రం చిక్కిపోతుంది. డబ్బంతా రాగి తీగ మీద కాకుండా డబ్బా అచ్చు మీద పెట్టే పరిస్థితి తెచ్చింది ఈ అదుపులేని అంకె. నిబంధన పెడితే చిన్నవాళ్లు చితికిపోతారని కొందరు మీకు చెప్పవచ్చు. పైన చెప్పిన పరీక్షకు కావలసింది రెండు రెసిస్టర్లు, ఒక మీటరు. దానికి ఏ కార్ఖానా చితికిపోదు.

ఇక వీడియో సరుకు. చవక ఎల్ఈడీ ప్రొజెక్టర్ల మీద ‘1080పీ సపోర్ట్, 9000 లూమెన్స్’ అని ఉంటుంది. సపోర్ట్ అంటే ఆ సిగ్నలు ఇస్తే ఆగిపోకుండా చూపిస్తుందని మాత్రమే. లోపలి ప్యానెలు చాలావాటిలో 800×480 లేదా ఆ దరిదాపుల్లో ఉంటుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. ఒక పిక్సెలు నలుపు, ఒక పిక్సెలు తెలుపు చొప్పున నిలువు గీతలతో 1920×1080 బొమ్మ చేసి పెన్‌డ్రైవులో పెట్టి చూపించండి. నిజమైన ప్యానెలయితే గీతలు విడివిడిగా కనిపిస్తాయి. లేకపోతే గోడ మీద బూడిద రంగు ముద్ద, దాని మీద అలలు. వెలుతురుకు లక్స్ మీటరు కావాలి. తెల్ల తెర వేసి, తెరను తొమ్మిది గడులుగా అనుకుని ఒక్కో గడి మధ్యలో రీడింగు తీసుకుని, వాటి సగటును తెర వైశాల్యంతో గుణిస్తే లూమెన్లు వస్తాయి. నా చేతికొచ్చిన ఒకదానికి తెర 1.2 చదరపు మీటర్లు, సగటు 80 లక్స్. అంటే 96 లూమెన్లు. దాని డబ్బా మీద 9000. కొన్నది ఊరి చివర ట్యూషన్ సెంటరు నడిపే అమ్మాయి, పగలు పిల్లలకు పాఠాలు చూపించడానికి. 96 లూమెన్లతో పగలు ఏమీ కనిపించదు. కర్టెన్లు కట్టుకుని రాత్రి పూట సినిమా చూసుకోవడానికి పనికొస్తుంది. ఆ ఒక్క మాట డబ్బా మీద ఉంటే ఆమె డబ్బు దక్కేది.

ఆండ్రాయిడ్ టీవీ బాక్సుల సంగతి ఇంకా తీవ్రమైనది. 2023 మొదట్లో కెనడాలో ఒక వినియోగదారు తాను కొన్న టీ95 అనే చవక బాక్సును ఇంట్లోనే పరీక్షించి, అందులో పుట్టుకతోనే మాల్‌వేరు ఉందని బయటపెట్టాడు. ఆ ఏడాదే భద్రతా పరిశోధకులు అలాంటి బాక్సుల వెనకున్న ముఠా పనిని ‘బ్యాడ్‌బాక్స్’ పేరుతో వివరించారు. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ దాని తర్వాతి రూపం గురించి ప్రజలను హెచ్చరించింది. ఇందులో మీరు గమనించాలని నేను కోరేది ఒకటుంది. ఆ బాక్సులో తేడా పసిగట్టింది ఏ ప్రభుత్వ ప్రయోగశాలా కాదు, వస్తువు కొన్న మనిషి. కొన్న వస్తువును విప్పి చూసే వాళ్లను మన దేశంలో ‘వారంటీ పోతుంది’ అని బెదిరించి పంపేస్తున్నాం.

విప్పడం గురించే ఇప్పుడు. పాత రేడియోల్లో వెనక చెక్క లోపలి వైపు సర్క్యూట్ బొమ్మ అంటించి ఉండేది. ఊళ్లో మెకానిక్కు అది చాలు. ఇప్పుడు బ్లూటూత్ స్పీకరు మూతకు మరలు ఉండవు, జిగురుతో అతికేస్తారు. తెరవాలంటే పగలగొట్టాలి. ఐసీ మీది నంబరు గీకేసి ఉంటుంది, ఏది పోయిందో తెలిసినా ఏది తెచ్చుకోవాలో తెలియదు. సెట్‌టాప్ బాక్సు ‘డెడ్’ అని నా దగ్గరికి వస్తే ఎక్కువసార్లు కనిపించేది ఒకటే: పవర్ సప్లైలో ఉబ్బిన కండెన్సరు. అది 85 డిగ్రీలది వేసి, వేడెక్కే చిన్న పెట్టెలో మూసేస్తారు. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ కండెన్సరు ఆయుష్షు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ చదివిన అందరికీ తెలుసు. 105 డిగ్రీలది పది రూపాయలు. దాంతో బాక్సు మళ్లీ ఏళ్ల తరబడి నడుస్తుంది. డీడీ ఫ్రీడిష్ ఒక్కటే దిక్కయిన ఇళ్లల్లో ఆ పది రూపాయల పని ఎంత విలువైనదో నేను చూశాను.

మీ శాఖ 2022లో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది, ఆ ఏడాది డిసెంబరులో పోర్టలు తెచ్చింది. 2024లో మొబైల్, ఎలక్ట్రానిక్ వస్తువుల మరమ్మతు సూచీకి మరో కమిటీ వేస్తే 2025 మేలో నివేదిక వచ్చింది. ఫ్రాన్సులో 2021 జనవరిలోనే టీవీల మీద కూడా ఇలాంటి సూచీ తెచ్చారు. మన నివేదిక అమలయ్యేటప్పుడు ఖరీదైన ఫోన్ల దగ్గరే ఆగిపోతుందేమోనని నా భయం. రెండు వేల రూపాయల స్పీకరు కొనేవాడికే మరమ్మతు ఎక్కువ అవసరం. అతను రెండోది కొనలేడు. ఐటీఐల్లో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడులో రెండేళ్లు చదివి వచ్చే పిల్లలకు బతుకుతెరువు ఈ చవక సరుకు దగ్గరే దొరుకుతుంది. వాళ్లకు తెరుచుకునే మూత, చదవగలిగే నంబరు ఇవ్వండి.

విప్పేవాళ్లకు ప్రమాదం ఉందన్న మాట నిజమే, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అడాప్టరు లోపలి పెద్ద కండెన్సరు ప్లగ్గు తీశాక కూడా 325 వోల్టులు పట్టుకుని కూర్చుంటుంది. నేను ఏ సెట్టయినా మొదట 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బు సిరీసులో పెట్టి వెలిగిస్తాను. లోపల షార్టు ఉంటే బల్బు వెలుగుతుంది, సెట్టు కాలదు. మూత తీశాక మొదటి పని కండెన్సరు మీద వోల్టేజీ చూడడం. ఈ రెండూ తెలియనివాళ్లు కరెంటు వైపు ముట్టుకోకూడదు. కానీ మూత అతికించేసినంత మాత్రాన ప్రమాదం తగ్గదు. కత్తితో పగలగొట్టి చూసేవాళ్లకు అది పెరుగుతుంది. ఏ భాగం ముట్టుకోకూడదో లోపలే ఎర్ర గీత గీసి రాయించండి. ఆ రాత మాకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ప్యాకేజీ నిబంధనల ప్రకారం వివరాలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటే చాలు, మిగతా భాషలు అదనంగా వేస్తే వేయొచ్చు, లేకపోతే లేదు. కరెంటు షాకు హెచ్చరిక విషయంలో ఈ ‘వేస్తే వేయొచ్చు’ చాలదు. ఇక్కడ అమ్మే డబ్బాలో అది తెలుగులో ఉండి తీరాలి.

కాబట్టి నేను కోరేది ఇది. పీఎంపీఓ అనే అంకెను డబ్బా మీదా, ఆన్‌లైన్ అమ్మకాల పేజీలోనూ నిషేధించండి. దాని స్థానంలో అన్ని ఛానళ్లూ కలిసి వాయించినప్పటి ఆర్‌ఎంఎస్ వాట్లు, ఓమ్‌లు, వక్రీకరణ శాతం ఎంఆర్‌పీ అంత పెద్ద అక్షరాల్లో వేయించండి. ప్రొజెక్టరు మీద లోపలి ప్యానెలు అసలు పిక్సెళ్లు, కొలిచిన లూమెన్లు ఉండాలి. ఏసీ మీద నక్షత్రాలు అతికించే ముందు కొలిచినట్టే ఇవీ కొలవాలి. మరమ్మతు సూచీలో స్పీకర్లు, ఆంప్లిఫైయర్లు, సెట్‌టాప్ బాక్సులను చేర్చండి. ఐసీ నంబరు గీకేయడాన్ని అందులో తప్పు కింద లెక్కగట్టండి.

దీనికి పెద్ద పరికరాలు అక్కర్లేదని మీ అధికారులకు చూపించమంటే చూపిస్తాను. జిల్లా తూనికలు కొలతల కార్యాలయంలో ఒక బల్ల, ఒక ప్లగ్గు పాయింటు ఇస్తే చాలు. బజారులోంచి మీ ఇన్‌స్పెక్టరే ఏదో ఒక డబ్బా కొని తేనివ్వండి. దసరా, దీపావళి అమ్మకాల కోసం కొత్త సరుకు దుకాణాలకు చేరకముందే ఆదేశం రావాలి. పండగ దాటితే ఈ ఏటి డబ్బు కూడా పోయినట్టే.

ఇట్లు,
ఒక వినియోగదారు